మా బాబాయి ఎలక్ట్రిక్ మాండలిన్

మా టీములో ఒకబ్బాయి ఉన్నాడు. పోయిన ఏడాది బోనసు మొత్తం పెట్టి ఓ పాత ఫెండర్ గిటారు కొన్నాడు. 1970ల నాటిదట. ఇక భోజనాల దగ్గర దాని గురించి తప్ప ఇంకో మాట లేదు. ఏ ఏడాదిది ఏ ఫ్యాక్టరీలో చేశారు, ఏ మరలు మార్చారు, పైన రంగు పెచ్చులూడితే ధర ఎందుకు పెరుగుతుంది.. (మా ఇంటి గోడలు పెచ్చులూడితే మాత్రం అద్దె ఎవరూ పెంచరు.) విని విని ఊరుకోలేక, నా దగ్గరా ఓ పాత సరుకుందని ఫోనులో ఫోటో చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటి సార్, గిటారు పిల్లా?" అన్నాడు.

వాణ్ణని లాభం లేదు. దాన్ని చూసినవాళ్ళు చాలామంది అదే అంటారు. రెండడుగులు ఉంటుంది. పైన రెండు కొమ్ములు, మధ్యలో తేనె రంగు, అంచులకొచ్చేసరికి నలుపు. తీగలు బిగించే కీలు ఎనిమిది. లోపల డొల్ల లేదు, మొత్తం చెక్కే. ఎక్కడా కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. అది ఎలక్ట్రిక్ మాండలిన్.

మాండలిన్‌కి కరెంటు పెట్టడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో గిబ్సన్ వాళ్ళు 1930లలోనే చేశారు. డొల్ల లేని చెక్కతో 1954లో ఇంకోటి చేశారు. ఫెండర్ వాళ్ళు 1956లో నాలుగే తీగలతో ఓ బుల్లి ఎలక్ట్రిక్ మాండలిన్ తెచ్చి ఇరవై ఏళ్ళపాటు అమ్మారు. పాత వాయిద్యాలు పోగుచేసేవాళ్ళు దాన్ని ముద్దుగా మాండోకాస్టర్ అంటారు. కానీ అదే కంపెనీ గిటార్లకి పుస్తకాలకి పుస్తకాలుంటే, దీనికి ఆ పుస్తకాల్లో ఓ మూల నాలుగు వాక్యాలుంటాయి. గిటారువాళ్ళకి ఇది బొమ్మ, మాండలిన్‌వాళ్ళకి ఇది మాండలినే కాదు. అక్కడి కంపెనీదానికే దిక్కు లేకపోతే, కలకత్తాలో ఊరూ పేరూ లేని మేస్త్రి చెక్కినదాన్ని ఎవడు పట్టించుకుంటాడు?

నాకు దీనిమీద కోపమే ఉంది. ఎందుకంటే మన సంగీతాన్ని కదిలించిన కరెంటు వాయిద్యం ఏదైనా ఉందంటే అది గిటారు కాదు, ఇదే. అదీ ఎక్కడో కాదు, మా రైలు లైను మీదే.

మాది కైకలూరు. (మేం చదువుకునేటప్పుడు కృష్ణా జిల్లా. 2022 నుంచి ఏలూరు జిల్లా. మా పిన్ని ఇప్పటికీ ఉత్తరాల మీద కృష్ణా జిల్లా అనే రాస్తుంది, అవి వస్తూనే ఉన్నాయి.) గుడివాడలో నరసాపురం పాసింజరు ఎక్కితే మా ఊరు, ఆకివీడు, ఉండి, భీమవరం దాటాక పాలకొల్లు వస్తుంది. మాండలిన్ శ్రీనివాస్ పుట్టింది ఆ పాలకొల్లులో, 1969లో. వాళ్ళ నాన్నగారి మాండలిన్ పట్టుకున్నప్పటికి ఆయనకి ఐదారేళ్ళు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు అది విని వాయించేవాడు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేకపోవడం వల్లనేమో, నేరుగా గొంతులో ఉన్న గమకాన్నే తీగ మీదకి తెచ్చుకున్నాడు. మొదటి కచేరీ 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో. 1981లో మద్రాసు డిసెంబరు కచేరీలు. మిగతాది అందరికీ తెలిసిందే.

అందరికీ అంతగా తెలియనిది ఆయన చేతిలో ఉన్న వస్తువు సంగతి. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలుంటాయి, జతకి రెండు చొప్పున నాలుగు జతలు. రెండు తీగలూ ఒకే శ్రుతిలో ఉండి కలిసి మోగుతాయి. మీటిన శబ్దం చటుక్కున ఆరిపోతుంది కాబట్టి స్వరం నిలబడాలంటే చెయ్యి వణికిస్తున్నట్టు టకటకా మీటుతూనే ఉండాలి. సినిమా పాటల్లో మీరు విన్న మాండలిన్ అదే. అలాంటిదాని మీద గమకం పలికించాలంటే నరకం. తీగని లాగితే జతలోని రెండూ ఒకేలా సాగవు, శ్రుతి చెడుతుంది. శబ్దం ఆరిపోతుంది కాబట్టి ఒక మీటుతో నాలుగు స్వరాలు జారలేం. శ్రీనివాస్ వాయించినది ఎలక్ట్రిక్ మాండలిన్. జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఐదోది కింది స్థాయి కోసం. చెక్క గట్టిది కాబట్టి తీగ ఎక్కువసేపు మోగుతుంది, కరెంటు ఆ చిన్న మోతని సభ చివరిదాకా వినిపిస్తుంది. ఒక్కసారి మీటి, వేలు జార్చుకుంటూ పోవచ్చు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమేమిటని మొదట్లో గొణిగినవాళ్ళున్నారు. వాళ్ళ పక్కనే కూర్చున్న వయొలిన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి.

సరే, మా బాబాయి.

మా బాబాయి చేపల ప్యాకింగ్ దగ్గర గుమాస్తా. కొల్లేరు చెరువుల నుంచి వచ్చిన బొచ్చె, శీలావతి కాటా వేయించి, పుస్తకంలో రాసి, ఐసు కొట్టించి హౌరా లారీలకి ఎక్కించడం పని. సాయంత్రాలు మాత్రం పాట కచేరీల్లో మాండలిన్ వాయించేవాడు. శ్రీరామనవమి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. గుడివాడలో శ్రీనివాస్ మొదటి కచేరీకి తను వెళ్ళానని చెప్పేవాడు. నిజమో కాదో తెలీదు. ఆ కచేరీకి వెళ్ళామని మా వైపు చెప్పుకునేవాళ్ళందరూ నిజంగా వెళ్ళుంటే గుడివాడ పట్టేది కాదు.

1986లో మా బాబాయి ఓ హౌరా లైను డ్రైవరు చేతిలో పన్నెండొందలు పెట్టాడు. కలకత్తాలో లాల్‌బజారు పక్కన, ఇప్పుడు రవీంద్ర సరణి అంటున్న పాత చిత్పూరు రోడ్డులో, వరసగా వాయిద్యాల కొట్లుంటాయి. అక్కడ కరెంటు మాండలిన్ ఒకటి కొనుక్కు రమ్మన్నాడు. పన్నెండొందలంటే ఆయనకి రెండు నెలల జీతం. పిన్నికి ఆరొందలనే చెప్పాడు. డ్రైవరు మంచివాడు, తెచ్చాడు. చేపలు దింపిన ఖాళీ లారీలో, గోనెసంచిలో చుట్టి. నెల్లాళ్ళపాటు ఆ మాండలిన్ చేపల వాసన కొట్టింది. పిన్ని దాన్ని ఇంట్లో పెట్టనివ్వలేదు, వసారాలోనే.

వచ్చిన వారానికే మా బాబాయి దాని తీగలు తీసేశాడు. జతల్లో ఒక్కోటి తీసేస్తే నాలుగు మిగిలాయి. ఐదోదానికి కీ ఉంది గానీ తీగ కూర్చోవడానికి గాడి లేదు. పాత టూత్‌బ్రష్షు పిడి కోసి, ఆకురాయితో అరగదీసి, ఐదు గాళ్ళు పెట్టి పైన అతికించాడు. నాకు పదేళ్ళు. పక్కన కూర్చుని దీపం పట్టుకున్నాను.

ఒక్క చిక్కు మిగిలింది. తీగల కింద ఉండే పికప్‌లో నాలుగే ఇనప మొలలున్నాయి. పికప్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. ఇంటరులో చదువుకున్న ఫారడే సూత్రమే. ఏ మొల పైన ఉన్న తీగ ఆ మొలకి వినిపిస్తుంది. ఐదో తీగ ఆఖరి మొల దాటి అంచున పడింది, అందుకని బాగా నీరసంగా వినిపించేది. మా బాబాయి దానికి ఏ మందూ వెయ్యలేదు. ఆ తీగని మాత్రం గట్టిగా మీటడం అలవాటు చేసుకున్నాడు. మిగతావాటి మీద సుతారంగా ఉండే చెయ్యి ఆ తీగ దగ్గరకి రాగానే చెంపదెబ్బ కొట్టినట్టు పడేది. అది ఆయన శైలి అనుకునేవాళ్ళు జనం.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

1996. నేను ఇంజనీరింగు రెండో ఏడు. ఆ పాటికి ఊళ్ళల్లో కచేరీలకి కీబోర్డులొచ్చేశాయి. ఒక్క పెట్టెలో వయొలిన్లు, ఫ్లూట్లు, తబలా అన్నీ ఉంటే మాండలిన్ మనిషికి వేరే డబ్బులెవరిస్తారు? బాబాయి మాండలిన్ గోడకి వేలాడుతుండేది. మా కాలేజీలో ఫెస్టు. నా దగ్గర ఓ సెకండుహ్యాండు మామూలు గిటారు ఉంది, దాన్ని స్పీకర్లకి కలపాలంటే పికప్ కావాలి. కొనడానికి డబ్బుల్లేవు. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, బాబాయి చెరువు దగ్గరకి పోగానే, మరలు విప్పి పికప్ తీసేశాను. ఎలక్ట్రానిక్స్ విద్యార్థిని కదా, నీటుగా తీశాను. ఎవరికీ తెలియకుండా పైనున్న మెరిసే రేకు మూత మళ్ళీ అలాగే బిగించేశాను. ఆ తెలివికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మాండలిన్ పికప్ చిన్నది, గిటారు ఆరు తీగల వెడల్పుకి చాలదు. మధ్య తీగలు మోగాయి, అటూ ఇటూ చివర తీగలు వినపడనే లేదు. "బేసేదిరా" అని మావాళ్ళు అరుస్తూనే ఉన్నారు. అయినా ఓ రెహమాన్ పాట వాయించేశాం, చప్పట్లు కొట్టేశారు. తరవాత తిరిగి పెట్టేద్దామనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఏడాది శ్రీరామనవమికి ఎవరో మా బాబాయిని పిలిచారు. చాలా రోజుల తరవాత పిలుపు. కొత్త తీగలు వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. పందిట్లో కూర్చుని, వైరు అహూజా మైకు సెట్టుకి తగిలించి మీటితే శబ్దం లేదు. మైకు కుర్రాడు వైర్లు మార్చాడు. లేదు. డొల్ల లేని చెక్క కదా, కరెంటు లేకపోతే పక్కనున్నవాడికి కూడా వినపడదు. జనం చూస్తుండగానే బాబాయి జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మూత విప్పాడు. లోపల ఖాళీ. మూత మళ్ళీ బిగించి, సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడట. ఇదంతా ఎండాకాలం సెలవుల్లో పిన్ని చెప్పింది. "ఎలకలు కొట్టేశాయేమోలే అన్నార్రా మీ బాబాయి" అంది నా మొహంలోకి చూస్తూ.

బాబాయి నన్నేమీ అనలేదు. ఆ మాటే ఎత్తలేదు.

1998లో బెంగుళూరు ఇంటర్వ్యూలకి బూట్లు, టికెట్టు కావాల్సి వచ్చి ఆ గిటారుని పికప్‌తో సహా ఓ జూనియరుకి ఎనిమిదొందలకి అమ్మేశాను. తరవాత మీకు తెలిసిన కథే. వైటూకే, ఆన్‌సైటు, పెళ్ళి, గచ్చిబౌలిలో ఫ్లాటు.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ పోయారని వార్త వచ్చింది. నలభై ఐదేళ్ళు. మీటింగులో ఉండగా ఫోనులో చూశాను. బయటకొచ్చి బాబాయికి ఫోను చేశాను. అప్పటికే టీవీలో చూశాట్ట. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. భోంచేశావా అని అడిగాడు. చేశానన్నాను. అప్పుడు, పద్దెనిమిదేళ్ళ తరవాత మొదటిసారి, మామూలుగా అడిగాడు.

"ఒరేయ్, ఆ పికప్పు నీ దగ్గరుందా ఇంకా?"

"ఉంది బాబాయ్. వెతికి తెస్తా" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలీదు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ జూనియర్ని ఫేస్‌బుక్కులో పట్టుకున్నాను. టెక్సాస్‌లో ఉన్నాడు. గిటారు హాస్టల్ గదిలోనే వదిలేసి వచ్చానన్నా, ఇప్పుడెందుకు అన్నాడు. మాండలిన్ పికప్ కొందామని నెట్టంతా వెతికాను. మాండోకాస్టర్ల గురించి నేను తెలుసుకున్నది ఆ వెతుకులాటలోనే. గిటారు పికప్పులు గుట్టలు గుట్టలు, ఈ కొలతకి సరిపడేది ఒక్కటీ లేదు.

చివరికి నేనే చుడదామనుకున్నాను. కైకలూరులో మోటారు వైండింగు షాపులకి కొదవ లేదు, చెరువులున్నన్నాళ్ళూ వాటికి పనుంటుంది. దసరాకి వెళ్ళి ఓ వైండింగు మేస్త్రి దగ్గర కూర్చున్నాను. నెట్లో 42 గేజి అని చదివి, హైదరాబాదులో 42 గేజి తీగ కొని పట్టుకెళ్ళాను. సగం చుట్లు కూడా పడకుండానే బాబిను నిండిపోయింది. అమెరికా 42, మన కొట్లలో అడిగే 42 ఒకటి కావని అప్పుడు తెలిసింది. వాళ్ళ 42 అంటే మన లెక్కలో సుమారు 46. యూనిట్లు చూసుకోకుండా కోడు రాసిన జూనియర్లని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.. :)

46 తీగ వెంట్రుక లాంటిది. మేస్త్రికి మోటార్లు చుట్టే చెయ్యి, రెండుసార్లు తెంపేశాడు. మూడోసారి నన్నే చుట్టమన్నాడు. కౌంటరున్న చేతి మిషను మీద, ఊపిరి బిగబట్టి, రెండు మధ్యాహ్నాలు. ఎనిమిది వేల చుట్లు. కింద పట్టీ అయస్కాంతం, మధ్యలో ఇనప మరలు. ఎలాగూ కొత్తది చేస్తున్నాం కదా అని నాలుగుకి బదులు ఐదు మరలు పెట్టాను, ఒక్కో తీగకి ఒకటి చొప్పున. ఇంజనీరు బుద్ధి. చిన్నప్పుడు చూసిన లోపం సరిచేశాననుకున్నాను.

2015 సంక్రాంతికి, బాబాయి స్నానానికెళ్ళినప్పుడు, తీసినట్టే పెట్టేశాను. మెరిసే రేకు మూత మాత్రం పాతదే. బాబాయి వచ్చి, తీగలు శ్రుతి చేసుకుని, మా తమ్ముడి హోం థియేటరుకి తగిలించి మొదలుపెట్టాడు. మోహన. చెయ్యి కాస్త వణుకుతోంది గానీ పోలేదు. పిన్ని వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

కిందకి దిగి ఐదో తీగ మీదకి రాగానే గది దద్దరిల్లింది.

ఆయన చెయ్యి పాత అలవాటునే వెళ్ళి చెంపదెబ్బ కొట్టింది. కానీ ఇప్పుడు దాని కింద మర ఉంది. బాబాయి ఆపేశాడు. ఇంకోసారి మీటాడు. మళ్ళీ అంతే.

"ఇది అది కాదురా" అన్నాడు.

చెప్పేశాను. సంక్రాంతి, ఫెస్టు, జూనియరు, టెక్సాస్ అన్నీ. బాబాయి తలెత్తకుండా విన్నాడు. "ఎంతకమ్మావు?" అన్నాడు. గిటారుతో కలిపి ఎనిమిదొందలన్నాను. "అంతేనా" అన్నాడు. పన్నెండొందలు పెట్టినవాడు కదా. వెనకనుంచి పిన్ని, "ఆరొందలకి కొన్నది ఎనిమిదొందలకి అమ్మాడుగా, నయమే" అంది. బాబాయి, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఆ రోజు పందిట్లో.." అని నేను మొదలెట్టబోతే, "ఆ ఐదో మర కిందకి దించరా. చెవులు పోతున్నాయి" అన్నాడు.

స్క్రూడ్రైవరు తెచ్చి దించాను. ఇంకా దించమన్నాడు. ఇంకా. ఆ తీగ పాతకాలంలోలాగా నీరసంగా, అంచున ఎక్కడో వినిపించేదాకా దించాక, "ఆ" అన్నాడు. మళ్ళీ మోహన మొదటినుంచి ఎత్తుకున్నాడు.

బాబాయి 2019లో పోయాడు. మాండలిన్ నాకిమ్మన్నాడని పిన్ని పంపించింది. ఇప్పుడు మా హాల్లో గోడకి ఉంది. మాయామాళవగౌళలో సరళీ వరసలు వాయించగలను, అదీ మొదటి కాలంలోనే. ఐదో తీగ నాకు సరిగ్గా వినపడదు. అంత గట్టిగా మీటే చెయ్యి నాకు లేదు. రెండు చుట్లు పైకి తిప్పితే చాలు, స్క్రూడ్రైవరు సొరుగులోనే ఉంది.